అణువిద్యుత్తు కావాలా, వద్దా? లెక్క వేసిన హోమీ భాభా జీవితం

మన మఠంపల్లి మండలానికి కృష్ణానది ఒక పక్క హద్దు. ఎగువన నాగార్జునసాగర్, దిగువన పులిచింతల. సాగర్ ఎడమ కాలువ నీళ్ళతో వరి పండించుకుంటున్నాం. నేల కింద సున్నపురాయి ఉండబట్టి సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చాయి. ఆ ఫ్యాక్టరీలకూ, మన పొలాల్లోని మోటార్లకూ, మన పిల్లలు చదువుకునే దీపానికీ కరెంటు కావాలి. సాగర్ దగ్గర 816 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం ఉంది. పులిచింతల దగ్గర 120 మెగావాట్లది ఉంది. మిర్యాలగూడ అవతల దామరచర్ల మండలంలో యాదాద్రి పేరుతో 4,000 మెగావాట్ల బొగ్గు కేంద్రం కట్టారు. ఇవి కాక కల్పాక్కం, కైగా అణు కేంద్రాల కరెంటులో కూడా మన రాష్ట్రానికి వాటా ఉంది. ఇంకో విషయం. సాగర్ జలాశయం పక్కనున్న లంబాపూర్, పెద్దగట్టు గుట్టల్లో యురేనియం ఉంది. దాన్ని తవ్వాలా వద్దా అనే మాట ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఏళ్ళ తరబడి నలిగింది.

నీళ్ళ కరెంటు మంచిదా, బొగ్గు కరెంటు మంచిదా, అణువు కరెంటు మంచిదా అని టీ కొట్టు దగ్గర వాదించుకోవడం తేలిక. ఒక ప్రభుత్వం కూర్చుని, కాగితం మీద లెక్క వేసి, కోట్ల రూపాయలు పెట్టి తేల్చుకోవడం కష్టం. మన దేశం ఆ లెక్క మొదటిసారి వేసినప్పుడు కలం పట్టుకున్నవాడు డాక్టర్ హోమీ జహంగీర్ భాభా. ఆయన పేరు మనం ఎనిమిదో తరగతి పాఠంలోనో, పోటీ పరీక్షల ప్రశ్నల్లోనో చదివి వదిలేశాం. భారత అణుశక్తి పితామహుడు ఎవరు అంటే ఒక మార్కు జవాబు. ఆ ఒక మార్కు వెనకున్న జీవితాన్ని ఈ స్వర్ణోత్సవ సంచికలో కొంచెం వివరంగా చెప్పుకుందాం.

ఇంజనీరు కావలసిన కుర్రవాడు

భాభా 1909 అక్టోబరు 30న బొంబాయిలో ఒక సంపన్న పార్సీ కుటుంబంలో పుట్టాడు. తండ్రి జహంగీర్ హోర్ముస్‌జీ భాభా ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన న్యాయవాది. తల్లి మెహెర్‌బాయి. మేనత్త భర్త దొరాబ్జీ టాటా. అంటే ఇంట్లో పుస్తకాలు, సంగీతం, చిత్రకళ ఒక పక్క, దేశానికి ఉక్కు, విద్యుత్తు ఎలా తేవాలనే పెద్దల మాటలు ఇంకో పక్క. పిల్లవాడు రెండూ విన్నాడు. జీవితమంతా బొమ్మలు గీశాడు, పాశ్చాత్య సంగీతం విన్నాడు. పెళ్ళి చేసుకోలేదు.

బొంబాయిలో చదువు ముగించి 1927లో కేంబ్రిడ్జి వెళ్ళాడు. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలో చేరాలని ఇంట్లో వాళ్ళ కోరిక. కుర్రవాడి మనసేమో భౌతికశాస్త్రం మీద పడింది. తండ్రికి ఉత్తరాలు రాసి బతిమాలుకున్నాడు. ముందు ఇంజనీరింగ్‌లో మొదటి తరగతి తెచ్చుకో, తర్వాత నీకిష్టమైంది చదువుకో అని తండ్రి ఒప్పందం పెట్టాడు. 1930లో భాభా మొదటి తరగతి తెచ్చుకున్నాడు, తండ్రి మాట నిలబెట్టుకున్నాడు. ఇంటర్ తర్వాత ఏ గ్రూపు తీసుకోవాలని తల్లిదండ్రులతో తగవుపడే మన పిల్లలకు ఈ సంగతి తెలిసి ఉండటం మంచిది. ఇంజనీరింగ్ చదివిన ఆ మూడేళ్ళు తర్వాత వృథా కాలేదు. సూత్రం రాయగలిగిన శాస్త్రవేత్తలు చాలామంది ఉంటారు. దాన్ని కర్మాగారంగా నిలబెట్టాలంటే ఎంత ఇనుము, ఎంత సిమెంటు, ఎంతమంది మనుషులు కావాలో కూడా తెలిసినవాళ్ళు తక్కువ. భాభా ఆ కొద్దిమందిలో ఒకడు.

అప్పుడు కేంబ్రిడ్జిలోని కావెండిష్ ప్రయోగశాల ప్రపంచ భౌతికశాస్త్రానికి పుట్టిల్లు లాంటిది. 1932లో చాడ్విక్ అక్కడే న్యూట్రాన్‌ను కనుగొన్నాడు. భాభా ఆ వాతావరణంలో పెరిగి 1935లో డాక్టరేట్ పొందాడు. ఎలక్ట్రాన్, పాజిట్రాన్ ఒకదాన్నొకటి ఢీకొని చెదిరిపోయే తీరుకు ఆయన వేసిన గణితాన్ని ఇప్పటికీ భాభా స్కాటరింగ్ అనే పిలుస్తారు. 1937లో హైట్లర్ అనే జర్మన్ శాస్త్రవేత్తతో కలిసి విశ్వకిరణాలు గాలిలోకి దిగి జల్లులా ఎలా విచ్చుకుంటాయో వివరించాడు. జూరిచ్, రోమ్, కోపెన్‌హేగన్ తిరిగి పౌలీ, ఫెర్మీ, బోర్ వంటి మహామహులతో పనిచేశాడు.

సెలవులకు వచ్చి ఉండిపోయినవాడు

1939లో సెలవులకు ఇంటికి వచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. తిరుగు ప్రయాణం ఆగిపోయింది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో సి.వి. రామన్ దగ్గర ఉద్యోగంలో చేరి విశ్వకిరణాల పరిశోధన విభాగం నడిపాడు. 1941లో లండన్ రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. అప్పటికి ఆయన వయసు 31. యుద్ధం ముగియగానే విదేశానికి వెళ్ళిపోవచ్చు. కానీ ఈ అయిదారేళ్ళలో మనసు మారింది. ఈ దేశంలోనే గట్టి పరిశోధన సంస్థ ఒకటి కట్టాలన్న పట్టుదల వచ్చింది.

1944 మార్చి 12న దొరాబ్జీ టాటా ట్రస్టుకు ఆయన రాసిన ఉత్తరం మన శాస్త్ర చరిత్రలో ముఖ్యమైన కాగితం. మరో ఇరవై ఏళ్ళలో అణుశక్తితో కరెంటు తీసే రోజు వస్తుందని, ఆనాటికి నిపుణుల కోసం మన దేశం పరదేశాల వైపు చూడకుండా ఇప్పుడే ఇక్కడ తయారు చేసుకోవాలని అందులో వాదించాడు. గమనించండి, హిరోషిమా మీద బాంబు పడటానికి అప్పటికి ఇంకా ఏడాదిన్నర ఉంది. అణువులో ఎంత శక్తి ఉందో లోకంలో చాలామందికి తెలియదు. 1945లో టాటా ప్రాథమిక పరిశోధన సంస్థ బెంగళూరులో మొదలై అదే ఏడాది చివరికి బొంబాయికి మారింది.

అణువిద్యుత్తును పరిశీలించాలనుకునే ఏ ప్రభుత్వమైనా మొదట అడగవలసిన ప్రశ్న యంత్రం ఖరీదు గురించి కాదు, ఆ యంత్రాన్ని అర్థం చేసుకునే మనుషులు మనకు ఉన్నారా అన్నది. భాభా ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టాడు. 1957లో ట్రాంబేలో శిక్షణ పాఠశాల తెరిచి, ఏటా దేశం నలుమూలల నుంచి పట్టభద్రులను ఎంపిక చేసి తర్ఫీదు ఇప్పించాడు.

చట్టం, దాని చుట్టూ గోడ

స్వాతంత్ర్యం వచ్చిన ఎనిమిది నెలలకే, 1948 ఏప్రిల్‌లో అణుశక్తి చట్టం వచ్చింది. ఆగస్టులో అణుశక్తి సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు భాభా. సభ్యులు శాంతిస్వరూప్ భట్నాగర్, కె.ఎస్. కృష్ణన్. మొత్తం ముగ్గురే. 1954 ఆగస్టులో అణుశక్తి శాఖ పుట్టింది. అది నేరుగా ప్రధాని నెహ్రూ చేతి కింద ఉండేది. కార్యదర్శి భాభా. ట్రాంబేలోని అణుశక్తి కేంద్రానికీ, టాటా పరిశోధన సంస్థకూ కూడా ఆయనే అధిపతి.

ఈ ఏర్పాటులో మేలూ ఉంది, చిక్కూ ఉంది. ఫైలు ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి వెళ్ళడానికి ఆరు నెలలు పట్టే దేశంలో ఇక్కడ పని చకచకా జరిగింది. చిక్కు ఏమిటంటే, అణువిద్యుత్తు కావాలా అని పరిశీలించేదీ, కావాలని చెప్పేదీ, కట్టేదీ, కట్టింది సురక్షితమేనా అని చూసేదీ ఒకే శాఖ. బొగ్గు, నీటి విద్యుత్తు వేరే మంత్రిత్వ శాఖల కింద ఉండేవి. పులిచింతల ప్రాజెక్టుకు ఎవరి పేరు పెట్టుకున్నామో ఆ డాక్టర్ కె.ఎల్. రావు గారు 1963 నుంచి పదేళ్ళు కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్ శాఖ చూశారు. అణువిద్యుత్తు మాత్రం ఆ శాఖ గడప లోపలికి రాలేదు. మూడు రకాల కరెంటునూ పక్కపక్కన పెట్టి తూచే తక్కెడ ఒక్కచోట లేకపోయింది.

1948 చట్టం మీద రాజ్యాంగ సభలో చర్చ జరిగినప్పుడే మైసూరు ప్రతినిధి ఎస్.వి. కృష్ణమూర్తిరావు ఒక ప్రశ్న లేవనెత్తారు. ఆయుధాల విషయంలో రహస్యం ఉంటే అర్థం చేసుకోవచ్చు, శాంతి పనులకు చేసే పరిశోధనకు కూడా ఇంత రహస్యం ఎందుకన్నది దాని సారం. బ్రిటన్ చట్టంలో కూడా ఇంత బిగింపు లేదని ఆయన ఎత్తిచూపారు. రెంటినీ వేరుచేయడం ఎలాగో తెలియడం లేదని నెహ్రూ ఒప్పుకున్నారు. చట్టం మాత్రం అలాగే ఉండిపోయింది. ఈ ముడి ఎక్కడుందో ముందు ముందు చూద్దాం.

మన దగ్గర ఏముంది?

ఇల్లు కట్టే ముందు ఇసుక ఎక్కడ, రాయి ఎక్కడ అని చూసుకున్నట్టు, భాభా దేశంలో యురేనియం, థోరియం ఎంత ఉన్నాయో వెతికించాడు. భూగర్భ శాస్త్రవేత్త డి.ఎన్. వాడియా సారథ్యంలో 1949లో అన్వేషణ మొదలైంది. ఆ విభాగమే పెరిగి ఇప్పుడు హైదరాబాదు కేంద్రంగా పనిచేస్తున్న అణు ఖనిజ సంచాలనాలయం. అప్పటి బిహార్‌లోని జాదూగూడలో యురేనియం దొరికింది. కానీ నాసిరకం, పరిమాణమూ తక్కువ. తిరువాన్కూరు సముద్రపు ఇసుకలో మాత్రం మోనజైట్ రూపంలో థోరియం మెండుగా ఉంది. మన కోస్తా తీరంలోని ఇసుకలోనూ ఉంది.

ఇక్కడ చిన్న శాస్త్ర పాఠం చెప్పుకోవాలి. యురేనియం పరమాణువును న్యూట్రాన్ కొడితే పగిలి వేడి పుడుతుంది. ఆ వేడితో నీటిని ఆవిరి చేసి టర్బయిన్ తిప్పితే కరెంటు. బొగ్గు కేంద్రంలోనూ జరిగేది ఆవిరితో తిప్పడమే, పొయ్యిలో పెట్టేది వేరు. ఒక కిలో సహజ యురేనియం ఇచ్చే వేడికి ఇరవై టన్నుల పైన బొగ్గు కావాలి. అయితే గనిలో దొరికే యురేనియంలో ఇలా తేలిగ్గా పగిలేది నూటికి ఒక పాలు కూడా ఉండదు, 0.7 శాతమే. థోరియం అసలు దానంతట అది పొయ్యికి పనికిరాదు. దాన్ని ముందు రియాక్టర్‌లో పెట్టి యురేనియం-233గా మార్చుకోవాలి.

ఉన్నది కొద్దిపాటి యురేనియం, కుప్పలుగా థోరియం. దీన్ని చూసి భాభా మూడు మెట్ల పథకం వేశాడు. మొదటి మెట్టు, సహజ యురేనియంతో భారజలం వాడే రియాక్టర్లు. వాటిలో కరెంటుతో పాటు ప్లుటోనియం తయారవుతుంది. రెండో మెట్టు, ఆ ప్లుటోనియంతో నడుస్తూ తిన్నదానికంటే ఎక్కువ ఇంధనాన్ని పుట్టించే ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్లు. మూడో మెట్టు, థోరియం. పంటలో కొంత విత్తనానికి తీసిపెట్టి మరుసటి ఏడాది ఎక్కువ ఎకరాలు వేసే రైతు పద్ధతి ఇది. 1954 నవంబరులో ఢిల్లీలో జరిగిన సమావేశంలో ఈ ఆలోచనను దేశం ముందు పెట్టాడు. 1955 ఆగస్టులో జెనీవాలో ఐక్యరాజ్యసమితి జరిపిన మొదటి అణుశక్తి శాంతి వినియోగ మహాసభకు అధ్యక్షత వహించాడు. అదే ఏడాది డిసెంబరు 10న నెహ్రూ మన నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. నదిని ఆపి కరెంటు తీసే పని, అణువును పగలగొట్టి కరెంటు తీసే ఆలోచన ఒకే కాలంలో నడిచాయన్నమాట.

ముందుగా చెప్పిన ముడి కూడా ఇక్కడే ఉంది. రెండో మెట్టుకు కావలసిన ప్లుటోనియం బాంబుకూ పనికొస్తుంది. కెనడా సాయంతో ట్రాంబేలో కట్టి 1960లో నడిపిన సైరస్ రియాక్టర్ ప్లుటోనియమే 1974 పోఖ్రాన్ పేలుడుకు వాడారు. కరెంటు లెక్కల చుట్టూ కూడా రహస్యపు గోడ కట్టడానికి అసలు కారణం అదే.

1956 ఆగస్టు 4న ఆసియాలోనే మొదటిదైన అప్సర రియాక్టర్ ట్రాంబేలో పనిచేయడం మొదలుపెట్టింది. ఇంధనం బ్రిటన్ ఇచ్చింది. మిగతాదంతా మనవాళ్ళే కట్టారు. దాని నియంత్రణ పరికరాలను తయారుచేసిన బృందానికి పెద్ద మన తెలుగువాడు, పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు. తర్వాత 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్‌ను స్థాపించింది ఆయనే. ఏ.ఎస్. రావు నగర్ అని మనం బస్సు బోర్డు మీద చదివే పేరు ఆయనదే.

వడ్డీ దగ్గర వచ్చిన తగాదా

అసలు లెక్క 1950ల చివర్లో మొదలైంది. అణువిద్యుత్తు బొగ్గు విద్యుత్తుకంటే చవకా, ఖరీదా? మన బొగ్గు గనులు ఎక్కువగా బెంగాల్, బిహార్ ప్రాంతాల్లో ఉన్నాయి. కర్మాగారాలు బొంబాయి, అహ్మదాబాద్ వైపు ఉన్నాయి. గని పక్కన చవకగా ఉండే బొగ్గు వందల మైళ్ళు రైలెక్కి వచ్చేసరికి ఖరీదవుతుంది. పైగా రైళ్ళు చాలవు. కాబట్టి గనులకు దూరంగా ఉన్న పశ్చిమ తీరంలో అణువిద్యుత్తు పోటీకి నిలుస్తుందని భాభా వాదం. 1958లో జెనీవా రెండో మహాసభకు ఎన్.బి. ప్రసాద్‌తో కలిసి అంకెలతో సహా ఈ వాదాన్ని సమర్పించాడు.

అదే ఏడాది బొంబాయి నుంచి వెలువడే ఎకనమిక్ వీక్లీలో ఐ.ఎం.డి. లిటిల్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త ఈ లెక్కను విమర్శించాడు. తగాదా ఎక్కడ వచ్చిందో మన రైతులకు ఇట్టే అర్థమవుతుంది. పొలంలో సోలార్ పంపుసెట్టు పెట్టాలా, డీజిల్ ఇంజను పెట్టాలా అనుకోండి. సోలార్‌కు మొదట పెట్టుబడి ఎక్కువ, తర్వాత ఖర్చు తక్కువ. డీజిల్ ఇంజనుకు మొదట తక్కువ, తర్వాత రోజూ నూనె ఖర్చు. పెట్టుబడి సొమ్ము తక్కువ వడ్డీకి దొరికితే సోలార్ మేలు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే వడ్డీలోనే మునిగిపోతాం. అణు కేంద్రం సోలార్ లాంటిది, బొగ్గు కేంద్రం డీజిల్ ఇంజను లాంటిది. వెయ్యి కోట్ల అప్పుకు ఏడాదికి 4 శాతం వడ్డీ అయితే 40 కోట్లు, 10 శాతం అయితే 100 కోట్లు. యంత్రం అదే, ఇంధనం అదే, వడ్డీ అంకె ఒక్కటి మారితే చవకైంది ఖరీదవుతుంది. పెట్టుబడికి కటకటలాడే పేదదేశంలో ఆ సొమ్ముకు తక్కువ వడ్డీ వేసి చూపడం సరికాదని లిటిల్ అన్నాడు. వాడిన ఇంధనంలో మిగిలే ప్లుటోనియంకు ఎంత వెల కట్టి ఖర్చులోంచి తీసేయాలన్నది రెండో తగాదా. దానికి బజారులో ధరే లేదు.

మేఘనాథ్ సాహా విమర్శ ఇంకో రకం. కలకత్తాలో అణు భౌతికశాస్త్ర సంస్థను నెలకొల్పిన మహా శాస్త్రవేత్త ఆయన. 1952లో స్వతంత్ర అభ్యర్థిగా లోక్‌సభకు గెలిచాడు. 1954 మే నెలలో లోక్‌సభలో అణుశక్తి మీద చర్చ లేవనెత్తాడు. రహస్యం తగ్గించాలని, విశ్వవిద్యాలయాల్లో మనుషులను తయారు చేయాలని, పరిశ్రమల పునాది గట్టిపరచాలని కోరాడు. ఆయన అణుశక్తికి వ్యతిరేకి కాదు. పునాది వేయకుండా మేడ కట్టొద్దన్నాడు. 1956లో చనిపోయాడు. భాభా, సాహా ఇద్దరూ దేశభక్తులే, ఇద్దరూ శాస్త్రవేత్తలే. ఒకే ప్రశ్నకు చెరొక జవాబు చెప్పారు. ప్రధాని చెవి మాత్రం ఒకరికే దగ్గరగా ఉంది.

తారాపూర్

నిర్ణయం జరిగిపోయింది. బొంబాయికి ఉత్తరాన సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, సముద్రం ఒడ్డున తారాపూర్‌ను ఎంపిక చేశారు. చల్లబరచడానికి సముద్రపు నీరుంది. మహారాష్ట్ర, గుజరాత్ రెండింటికీ కరెంటు పంపవచ్చు. ప్రపంచ కంపెనీల నుంచి టెండర్లు పిలిచారు. మన మూడు మెట్ల పథకానికి సరిపోయేది సహజ యురేనియం రియాక్టర్. టెండర్లలో గెలిచింది మాత్రం అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీది. దానికి శుద్ధిచేసి బలం పెంచిన యురేనియం కావాలి, అది అమెరికా నుంచే రావాలి. సౌకర్యం ఏమిటంటే, ధర తక్కువ, పైగా అమెరికా ప్రభుత్వం 8 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చింది. 1963 ఆగస్టులో ఒప్పందం కుదిరింది. ఒక్కొక్కటి 210 మెగావాట్ల రెండు యూనిట్లు. 1969 అక్టోబరులో కరెంటు ఇవ్వడం మొదలైంది.

చేతిలో డబ్బు లేనప్పుడు ఎవరు అప్పిస్తే వారి సరుకు కొనడం సంసారాల్లోనూ ఉన్నదే. దాని ఫలితం తర్వాత తెలిసింది. 1974 పేలుడు తర్వాత అమెరికా ఇంధన సరఫరా మీద పేచీ పెట్టింది. తారాపూర్ కోసం మన దేశం ఫ్రాన్సును, ఇంకా ఇతర దేశాలను ఆశ్రయించవలసి వచ్చింది. ఆ ఇంధన కడ్డీలను తయారు చేసింది హైదరాబాదులోని అణు ఇంధన సముదాయమే. ఒక రియాక్టర్ కొనడమంటే దాని పొయ్యిలోకి నలభై ఏళ్ళపాటు ఇంధనం ఎవరిస్తారన్న ప్రశ్నను కూడా కొనడమేనని తారాపూర్ నేర్పింది. భాభా కూడా ఆ ప్రశ్నను మరవలేదు. అమెరికాతో ఒప్పందం అయిన ఏడాదిలోనే కెనడాతో సహజ యురేనియం రియాక్టర్‌కు ఒప్పందం చేసి, రాజస్థాన్‌లో రెండో కేంద్రానికి దారి వేశాడు. ఇప్పుడు దేశంలో నడుస్తున్న రియాక్టర్లలో ఎక్కువ భాగం ఆ వంశానివే.

మంచుకొండ మీద

తారాపూర్ దీపం భాభా చూడలేదు. 1966 జనవరి 24న అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సలహా సంఘం సమావేశానికి వియన్నా వెళ్తూ, ఎయిరిండియా బోయింగ్ విమానం కాంచన్‌జంగాలో ఆల్ప్స్ పర్వతాల్లోని మాంట్ బ్లాంక్ శిఖరాన్ని ఢీకొని మరణించాడు. విమానంలోని 117 మందీ పోయారు. ఆయనకు అప్పుడు 56 ఏళ్ళు. మరుసటి ఏడాది ట్రాంబే కేంద్రానికి ఆయన పేరు పెట్టారు.

ఆయన వేసిన లెక్క ఎంతవరకు నిజమైంది? 1980 నాటికి 8,000 మెగావాట్ల అణువిద్యుత్తు అని అంచనా వేశాడు. ఆ ఏటికి దేశంలో ఉన్నది 1,000 మెగావాట్లు కూడా దాటలేదు. 8,000 దాటడానికి మరో నలభై ఏళ్ళకు పైగా పట్టింది. దేశం వాడే కరెంటులో అణువు వాటా ఇప్పటికీ మూడు శాతం దరిదాపుల్లోనే ఉంది. థోరియం మెట్టు ఇంకా అందలేదు. అదే సమయంలో, రియాక్టర్లను సొంతంగా రూపొందించి కట్టి నడిపే కొద్ది దేశాల్లో మనది ఒకటి. 1974 తర్వాత ప్రపంచం తలుపులు మూసినా మన కేంద్రాలు ఆగలేదంటే, 1944 ఉత్తరంలో ఆయన కోరుకున్న మనుషులు తయారయ్యారన్నమాట. మెగావాట్ల అంచనా తప్పింది, మనుషుల అంచనా తప్పలేదు.

మనకెందుకు?

ఇప్పుడు కొత్తగా అణువిద్యుత్తు కావాలనుకునే దేశాలకు వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఒక జాబితా ఇస్తుంది. అందులో 19 అంశాలు ఉంటాయి. చట్టం, డబ్బు, కరెంటు గ్రిడ్డు, శిక్షణ పొందిన మనుషులు, స్థలం, ఇంధనం, వ్యర్థాలు, ప్రమాదం వస్తే ఏం చేయాలి, చుట్టుపక్కల ప్రజలకు ఏం చెప్పాలి, ఇలా. వీటిని మూడు దశల్లో దాటాలి. మొదటి దశ చివర ప్రభుత్వం తెలిసి ఒక మాట చెప్పగలగాలి. చాలు, మాకొద్దు అన్నా అది సరైన జవాబే. భాభా రోజుల్లో ఇలాంటి జాబితా లేదు. ఆయన అందులో సగానికి పైగా తనంతట తాను ఊహించి రాసుకున్నాడు. వదిలేసినవి కూడా ఉన్నాయి. భద్రత చూసేందుకు ప్రత్యేకంగా అణుశక్తి నియంత్రణ మండలి 1983లో గానీ రాలేదు. ఆ ఊరివాళ్ళను పిలిచి అడిగే ప్రజాభిప్రాయ సేకరణ చట్టంలోకి రావడానికి 1990లు పట్టాయి.

ఆ చివరి అంశం విలువ మన జిల్లావాళ్ళకు తెలుసు. లంబాపూర్, పెద్దగట్టు యురేనియం గనుల ప్రతిపాదన మీద 2003లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు తండాల గిరిజనులు, రైతులు, హైదరాబాదు నుంచి వచ్చినవాళ్ళు ప్రశ్నలు అడిగారు. సాగర్ నీళ్ళు పాడైతే ఎవరు బాధ్యులు? తవ్వగా మిగిలిన మట్టి ఎక్కడ పోస్తారు? వందల ఏళ్ళు దానికి ఎవరు కాపలా? ఆ నీళ్ళే మన ఎడమ కాలువలోకి వస్తాయి, హైదరాబాదు కుళాయిల్లోకీ వెళ్తాయి. ఆ ప్రశ్నలు అడిగినవాళ్ళలో చాలామంది అణు భౌతికశాస్త్రం చదువుకోలేదు. 1948లో కృష్ణమూర్తిరావు అడిగిందీ, 1954లో సాహా అడిగిందీ, 1958లో లిటిల్ అడిగిందీ, వీళ్ళు అడిగిందీ ఒకే కోవకు చెందిన ప్రశ్నలు. మీ లెక్క చూపించండి, మేం కూడా ఒకసారి వేసి చూసుకుంటాం అనడమే. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఆరు రియాక్టర్ల ప్రతిపాదన ముందు నిలబడ్డ మత్స్యకారులదీ అదే ప్రశ్న.

అణువిద్యుత్తు మంచిదా చెడ్డదా అని ఈ వ్యాసం తీర్పు చెప్పడం లేదు. బొగ్గు పొగలో బూడిద ఉంది, ఆనకట్ట కింద మునిగిన ఊళ్ళున్నాయి. పులిచింతల ముంపులో ఇళ్ళు, పొలాలు పోగొట్టుకున్న కుటుంబాలు మన చుట్టుపక్కల ఉన్నాయి. ఏ కరెంటూ ఊరికే రాదు. కాబట్టి ప్రతిదాని లెక్కా బయట పెట్టాలి, ఆ లెక్క వేసినవాళ్ళు కాక మరొకరు సరిచూడాలి. భాభా జీవితం నుంచి తీసుకోవలసినవి రెండూ ఉన్నాయి. ఇరవై ఏళ్ళు ముందు చూసి మనుషులను తయారు చేసుకున్న పట్టుదల మనకు ఆదర్శం. ప్రశ్నించేవాళ్ళు బల్లకు అవతలే ఉండిపోయిన లోటు మనకు హెచ్చరిక.

మన బడిలో చదివి కొందరు ఇంజనీర్లయ్యారు, కొందరు ఉపాధ్యాయులయ్యారు, కొందరు వ్యవసాయం చేస్తున్నారు, కొందరు సర్పంచులుగా, మండల సభ్యులుగా పనిచేశారు. రేపు మన ప్రాంతానికి ఏ కర్మాగారం వచ్చినా, ఏ గని వచ్చినా ప్రజాభిప్రాయ సేకరణ బల్లకు అటు పక్క కూర్చునేదీ, ఇటు పక్క నిలబడేదీ మన పిల్లలే కావచ్చు. అటు కూర్చున్నవాడికి భాభా చదువు ఉండాలి, ఇటు నిలబడ్డవాడికి సాహా ధైర్యం ఉండాలి. ఆ రెండూ తొమ్మిదో తరగతి లెక్కల పీరియడులోనే మొదలవుతాయి. వడ్డీ లెక్కను శ్రద్ధగా నేర్పమని మన ఉపాధ్యాయ మిత్రులకు, శ్రద్ధగా నేర్చుకోమని చిన్నారులకు ఈ స్వర్ణోత్సవ వేళ నా మనవి.